పొడుగోడి చేతులకి మనమేం నేర్పినాం?

పోయిన నెల చిత్తూరులో మ్యాచి ముగించుకోని తిరపతికి తిరిగొచ్చే బస్సులో మావోడు ఒక్క మాట మాట్లాడలేదు. 6 అడుగుల 5 అంగుళాల పిల్లోడు. సీటు సందులో మోకాళ్లు పట్టక అడ్డంగా తిరిగి కూర్చోని కిటికీలోంచి చూస్తా ఉండాడు. పూతలపట్టు దాటినాక మెల్లిగా అన్నాడు, "సార్, రేపట్నుంచి నేను గ్రౌండుకి రాను" అని.

పెద్దోళ్ల టీములో వానికి అదే మొదటి టోర్నమెంటు. మూడో క్వార్టరు సగంలోనే 5 ఫౌళ్లు పడి బయటికొచ్చేసినాడు. ఆ లోపల 11 ఫ్రీ త్రోలు ఏస్తే పడింది 2. గట్టుమీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "తాటిచెట్టు మాదిరి పెరిగితే సరిపోతాదా" అని గట్టిగానే అన్నాడు. జనం నగినారు. వాడు విన్నాడు.

నేను ఇరవై ఏండ్లుగా సాయంత్రం పూట పిలకాయలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తా ఉండాను. జీతం రాని పని, మానబుద్ధి కాని పని. ఆ పొద్దు నగినోళ్లకి ఈ ఆటలో సెంటర్ పని ఏందో చెప్పాలనిపించింది. చెప్పేముందు నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాల, దాని దగ్గరికి వస్తా.

ముందు ఫౌళ్ల సంగతి చూద్దాం. మన మ్యాచి 40 నిమిషాలు, మనిషికి 5 ఫౌళ్లు. అమెరికా ఎన్‌బీఏలో 48 నిమిషాలకి 6. అది నిండితే మళ్లీ ఆటలోకి రానీరు. సెంటర్ అనేవాడు బోర్డు కింద కాపలా. మిగతా నలుగురిలో ఎవుడు తప్పిపోయినా ఎదుటోడు నేరుగా వచ్చేది వీని మీదికే. అంటే పక్కోని తప్పుకి కూడా ఫౌలు వీని ఖాతాలోనే పడతాది. ఊళ్లో పొడుగోళ్లకి దొంగతనాలు అంటగట్టినట్టు ఉంటాది కత.

రూల్స్ ప్రకారం ప్రతి ఆటగాని చుట్టూ నేల మీంచి పైకి కంటికి కనపడని ఒక గొట్టం ఉంటాది. ఆ గొట్టం లోపల చేతులు నిట్టనిలువునా ఎత్తి, నిలువుగానే ఎగిరితే, ఎదుటోడు వచ్చి గుద్దుకున్నా సెంటర్‌ది తప్పు కాదు. చేతులు ముందుకి వాలినా, ఒళ్లు ముందుకి దూకినా ఫౌలే. ఇది వినేదానికి సులువు. కానీ స్కూలు ఆటల్లో వీడు ఏం నేర్చుకున్నాడు? తనకంటే అడుగు పొట్టి పిల్లోళ్లు బంతి ఎత్తంగానే పైనుంచి ఒక్కటి కొట్టడం. ఆడ అది బ్లాకు, చప్పట్లు. పెద్దాటలో ఎదుటోడు బంతి ఎత్తినట్టు ఎత్తి ఎయ్యడు. వీడు నమ్మి గాల్లోకి లేస్తాడు. దిగేటప్పుడు వాని భుజం మీద పడతాడు. అప్పుడు వాడు నింపాదిగా బంతి ఏస్తాడు. విజిల్. ఇదే మోసానికి మావోడు మూడుసార్లు లేచినాడు.

ఇంకొకటి. ఫౌలు చేతికి పడతాది గానీ తప్పు శానాసార్లు కాలిది. కాలు ఒక అడుగు ఆలస్యంగా కదిలితే, ఆ అడుగుని చెయ్యి చాపి అందుకోవాలని చూస్తాడు. అందుకే కొత్త సెంటర్లకి చెయ్యి దగ్గర పెట్టుకోమని అరిచేదాని కంటే కాళ్లు కదిలించే కసరత్తు చేపిస్తే మేలు. షకీల్ ఓనీల్ అంతటోడు 1992-93లో ఓర్లాండో తరపున దిగినప్పుడు మ్యాచికి దగ్గర దగ్గర 4 ఫౌళ్లు చేసినాడు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు కూడా ఆయనే. రెండు ఫౌళ్లు పడంగానే భయపడి బెంచి మీద కూర్చోబెట్టుంటే ఆయన నేర్చుకునేది యాడ? ఫౌలు ఎట్ల పడదో తెలిసేది ఆటలోనే, బెంచి మీద కాదు.

ఇంక ఫ్రీ త్రో. అడ్డం ఎవురూ లేరు, బోర్డుకి 15 అడుగుల దూరం, ఏసుకోడమే. అయినా ఎందుకు పడదు?

రింగు లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతి దాదాపు 24. పైనుంచి నిట్టనిలువుగా దిగే బంతికి రింగు పూర్తిగా తెరుచుకోని ఉంటాది. పక్కనుంచి వచ్చే బంతికి అంత తెరుపు ఉండదు. సంగటి తట్టని పైనుంచి చూస్తే గుండ్రంగా కనపడతాది, కంటికి సమంగా పెట్టి చూస్తే గీత మాదిరి అయిపోతాది కదా, అట్ల. 45 డిగ్రీల వాలులో దిగే బంతికి రింగు 32 సెంటీమీటర్లు కనిపిస్తాది. 30 డిగ్రీలకి వస్తే 22న్నర. 24 సెంటీమీటర్ల బంతి దాంట్లో నేరుగా ఎట్ల పడతాది? ఇనుము తగిలి బయటికే వస్తాది. పొడుగోడు రింగు దగ్గరే ఉండాది కదా అని బంతిని చదునుగా నెడతాడు. మావోడు ఏసిన 11లో 7 రింగు ముందర అంచుకి కొట్టుకున్నాయి, నేను లెక్కపెట్టినా.

అయితే పొడుగు వల్లనే ఇదంతా అనుకుంటే తప్పు. చైనా యావ్ మింగ్ 7 అడుగుల 6 అంగుళాలు. 2002లో హ్యూస్టన్‌కి వచ్చినాడు. మొదటి మ్యాచిలో 11 నిమిషాలు ఆడి ఒక్క పాయింటు చెయ్యలేదు. ఒక మ్యాచిలో వీడు 19 పాయింట్లు చేస్తే ముద్దు పెడతానని టీవీలో చార్లెస్ బార్క్లీ పందెం కాసినాడు. కొన్నాళ్లకే యావ్ 20 చేసినాడు, బార్క్లీ టీవీలో గాడిదకి ముద్దు పెట్టాల్సొచ్చింది, యాడ పెట్టినాడో ఈడ రాయలేను. ఆ మొదటేడే యావ్ ఫ్రీ త్రోలు నూటికి 81 ఏసినాడు. ఆయన అమ్మా నాయనా ఇద్దరూ బాస్కెట్‌బాల్ ఆడినోళ్లే. పొడుగు పెరగతా ఉంటే దాంతోపాటే చెయ్యి కూడా పదును పెట్టించినారు.

దానికి ఎదురు కత ఆండ్రే డ్రమ్మండ్‌ది. 2012లో పంతొమ్మిదేండ్లకే డెట్రాయిట్‌కి సెంటర్‌గా దిగినాడు. మొదటేడు ఫ్రీ త్రోలు నూటికి 37. ఇది చూసి ఎదుటి టీములు కావాలని వీన్నే పట్టుకోని ఫౌలు చేసేది మొదలుపెట్టినాయి, ఎట్లా పడవు కదా అని. 2016 జనవరి 20న హ్యూస్టన్‌ వాళ్లు వీని చేత 36 ఫ్రీ త్రోలు ఏపించినారు. 23 పోయినాయి. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచిలో అన్ని పోగొట్టినోడు అంతకుముందు లేడు. (ఆ మ్యాచి గెలిచింది మాత్రం డెట్రాయిటే.) ఊరంత జనం ముందర 23 సార్లు తలవంచుకున్న మనిషి ఆట మానలేదు. 2017-18కి వచ్చేసరికి నూటికి 60 ఏసినాడు. అయిదేండ్లు పట్టింది. మనం మావోనికి ఇచ్చింది ఒక టోర్నమెంటు.

విల్ట్ చేంబర్లేన్ కత ఇంకా విచిత్రం. 1962 మార్చి 2న ఒకే మ్యాచిలో 100 పాయింట్లు చేసినాడు. ఆ పొద్దు ఫ్రీ త్రోలు 32కి 28. రెండు చేతుల్తో బంతిని మోకాళ్ల నడిమి నుంచి పైకి ఎత్తేసేవాడు, కాలవలోంచి నీళ్లు ఎత్తిపోసినట్టు. రిక్ బ్యారీ ఇట్లనే ఏసి నూటికి 90 దాకా తెచ్చుకున్నాడు. చేంబర్లేన్ మాత్రం ఆడంగి మాదిరి కనపడతానని సిగ్గుపడి మానేసినాడు, అది తప్పని తెలిసీ మానుకున్నానని ఆయనే రాసుకున్నాడు. 1967-68లో నూటికి 38కి పడిపోయినాడు. ఇట్లాంటి మనిషి తన ఆటంతటిలో 1,045 మ్యాచులాడి ఒక్కసారి కూడా ఫౌళ్లు నిండి బయటికి పోలేదు. ఒళ్లంతా అదుపులో పెట్టుకున్నోనికి నలుగురి నగువే అదుపు కాలేదు.

మన దేశంలో ఈ దారిలో శానా దూరం పోయినోడు పంజాబు పల్లె పిల్లోడు సత్నాం సింగ్. 7 అడుగుల 2 అంగుళాలు. 2015లో డల్లాస్ టీము 52వ పేరుగా ఎంచుకుంది, భారతదేశంలో పుట్టి అట్ల ఎంపికైనోడు ఆయనే మొదలు. కింది లీగులో టెక్సాస్ లెజెండ్స్ తరపున ఆడనిచ్చింది మ్యాచికి కొన్ని నిమిషాలే. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచి కూడా దొరకలేదు. ఇప్పుడు కుస్తీ రింగులో ఉండాడు. ఎవురి తప్పని అడిగితే నేను చెప్పలేను గానీ, కొన్ని నిమిషాల్లో ఎవుడూ సెంటర్ కాలేడని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు నా తప్పు. మావోడు పదమూడేండ్లప్పుడే మిగతా పిలకాయల కంటే తలెత్తు ఎక్కువ. అప్పుడే నేను వాన్ని పట్టుకోని పోయి బోర్డు కింద నిలబెట్టి, "నువ్వు ఈడే ఉండు, బంతి వస్తే పట్టుకోని పొట్టోళ్లకి ఇచ్చెయ్, ఎయ్యబాకు" అని చెప్పినా. జిల్లా పోటీల్లో గెలిచినాం, కప్పులు తెచ్చినాం. నాలుగేండ్లు వాని చేత బంతి ఎయ్యనియ్యలేదు. వాని పొడుగు నాకు పనికొచ్చింది, వానికి నేను పనికి రాలేదు. నగిన జనానికి ఆ 9 పోయిన ఫ్రీ త్రోలు వానివి. నా లెక్కలో అన్నీ నావి.

బస్సు దిగినాక ఏం చెప్పాలో తెలీలేదు. మర్నాడు పొద్దున్నే వాని ఇంటికి పోయి ఇదే చెప్పినా, నేను తప్పు చేసినా అని. వాళ్లమ్మ చెనిక్కాయలు వొలస్తా గమ్మున వినింది. "మీరు కూడా వస్తారా సార్ పొద్దున్నే?" అని మాత్రం అడిగినాడు వాడు.

అప్పట్నుంచి అయిదున్నరకి ఇద్దరం గ్రౌండులో ఉంటాం. ముందు కాళ్ల కసరత్తు, చేతులు వెనక్కి కట్టుకోని పక్కకి పక్కకి కదిలేది. తర్వాత రెండు రౌండ్లు పరిగెత్తాల, ఆయాసం తీరకముందే రెండు ఫ్రీ త్రోలు ఎయ్యాల. మళ్లీ పరుగు, మళ్లీ రెండు. మ్యాచిలో ఎవుడూ ఊపిరి తీరుబడిగా ఉన్నప్పుడు ఫ్రీ త్రో ఎయ్యడు కదా. మోచెయ్యి కంటి ఎత్తుకి వచ్చేదాకా బంతి వదలగూడదని ఒక్కటే మాట పెట్టుకున్నాం. లెక్క గోడ మీద బొగ్గుతో రాస్తాడు. మొదటి వారం నూటికి 24. నిన్న 46.

అవ్వల మాదిరి కిందనుంచి ఏసి చూడరా, చేంబర్లేన్ కూడా ఏసినాడు అంటే మాత్రం ఇంకా ఒప్పుకోవడంలే.