ఆదోని అంగళ్ళును, రైతు పద్దును

కర్నూలు జిల్లా పడమటి భాగమునందలి రైతులకు ఆదోని పట్టణము క్రొత్తది కాదు. మన తాతల కాలమునుండియు ప్రత్తి బండ్లు ఆ దారిని పోవుచునే యున్నవి. మద్రాసునుండి వచ్చిన రైలు మార్గము 1871వ సంవత్సరమున రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసిన పిదప, ఆ దారిలోనున్న ఆదోని ప్రత్తి వర్తకమునకు గొప్ప స్థానమయ్యెను. అప్పుడు బళ్ళారి జిల్లాలోనుండిన ఆ తాలూకా, 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు కర్నూలు జిల్లాలో చేరినది. ప్రభుత్వములు మారినను బజారు నిలిచినది. కాని ఆ బజారులోని అంగళ్ళును, అచ్చటికి రైతు పోవు కారణమును చాల మారినవి. ఈ మార్పు రైతు చేతిలోని పైకమునకు సంబంధించినది గనుక సంఘ సభ్యులు దీనిని శ్రద్ధగా గ్రహింపవలసియున్నది.

పూర్వపు బజారు

పూర్వము రైతు పట్టణమునకు ముఖ్యముగా అమ్ముటకు పోయెడివాడు. ప్రత్తియో, వేరుసెనగయో బండి కెత్తి, మండీలో దింపి, వచ్చిన పైకముతో ఉప్పు, కిరసనాయిలు, బెల్లము, గుడ్డలు, కఱ్ఱుకు ఇనుము కొని తెచ్చుకొనెడివాడు. సేద్యమునకు కావలసినవి మాత్రము ఇంటిలోనే యుండెడివి. జొన్న, కొఱ్ఱ, సద్ద విత్తనములు గాదెలోనివి, ఎరువు దిబ్బలోనిది, ఎడ్లు కొట్టములోనివి. ప్రత్తి గింజలను పేడనీళ్ళతోను, ఎఱ్ఱమట్టితోను పామి యెండబెట్టి గొఱ్ఱుతో విత్తెడివారు. వర్తకులు వెస్టరన్సు, నార్దరన్సు అని పిలిచిన ప్రత్తులు ఆ విధముగా పండినవే. వాన రాని సంవత్సరము తిండికి కష్టమయ్యెడిది గాని, విత్తిన గింజకును చల్లిన ఎరువుకును పట్టణములో బాకీ మిగిలెడిది కాదు.

ఇట్లనుటచేత ఆ కాలము బంగారు కాలమని తలంపరాదు. ఒక ఊరి సేరు మఱియొక ఊరి సేరుతో సరిపడెడిది కాదు. పలుచోట్ల దలారులు తువాలు క్రింద చేతులు పెట్టి వ్రేళ్ళు నొక్కి బేరము కుదుర్చుకొనెడివారు. సరకు గల రైతు ప్రక్కనే నిలుచుండియు ధర యెఱుగడు. ధర్మమునకనియు, తరుగునకనియు, నమూనాకనియు కోతలు కోయుచుండిరి. ఈ అక్రమములను అరికట్టుటకే మద్రాసు ప్రభుత్వము 1933లో వ్యాపారపు పంటల మార్కెట్ల చట్టమును చేసినది. పిదప 1956నాటి చట్టముచే కిలో తూకములు వచ్చి, 1962 ఏప్రిల్ నుండి వర్తకములో తప్పనిసరియైనవి. ఆంధ్రప్రదేశ్‌లో 1966నాటి మార్కెట్ల చట్టము నేటి మార్కెట్టు యార్డులకు ఆధారము. అనగా రైతు అమ్మెడి చోటున న్యాయము కొఱకు చట్టములు చేయుటయందే అనేక సంవత్సరములు గడచినవి. ఆలోపల రైతు కొనెడి చోటు పెరిగిపోయినది.

విత్తనపు అంగడి వచ్చిన విధము

నేడు ఆదోనిలో గాని, ఎమ్మిగనూరులో గాని, నంద్యాలలో గాని, కడప జిల్లా ప్రొద్దుటూరు, మైదుకూరులలో గాని, విత్తనములు, ఎరువులు, పురుగుమందులు అమ్ము అంగళ్ళు వరుసగా కనబడును. ఇవి ఒక్క దినమున వచ్చినవి కావు.

మొదట జిన్నింగు మిల్లులు వచ్చినవి. అన్ని ఊళ్ళ ప్రత్తియు ఒకే యంత్రమున పడుటచే గింజలు కలిసిపోయి, ఇంటి విత్తనము యొక్క శుద్ధి చెడినది. దీనికి విరుగుడుగా మంచి రకములను వేఱుచేసి రైతులకు ఇచ్చు పని ప్రభుత్వ పరిశోధనా క్షేత్రములకు వచ్చినది. 1906లో స్థాపింపబడిన నంద్యాల క్షేత్రము అట్టిది. నరసింహ యను ప్రత్తి రకము అచ్చటిదే. ఈ రకముల గింజను రైతు మరల దాచుకొని విత్తుకొనవచ్చును.

1970లో గుజరాతునందలి సూరతు క్షేత్రమునుండి సంకర ప్రత్తి వెలువడినది. దిగుబడి హెచ్చినది. కాని సంకర విత్తనము మొదటి పంటకే పనికివచ్చును. దాని గింజను మరల విత్తినచో మొక్కలు ఒక తీరున రావు. కావున ప్రతి సంవత్సరము క్రొత్త విత్తనమును కొనవలసివచ్చెను. గాదెలోని పని అంగడికి పోయినది. 2002 మార్చిలో కాయతొలుచు పురుగును తట్టుకొను బీటీ ప్రత్తికి అనుమతి వచ్చిన పిదప ఈ మార్పు సంపూర్ణమైనదని చెప్పవచ్చును.

బీటీ విత్తనపు వెల విషయమున జరిగినదానిని ప్రతి సంఘ సభ్యుడును జ్ఞాపకముంచుకొనవలెను. తొలి సంవత్సరములలో 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా అమ్మబడినది. అందులో 1,250 రూపాయల వరకు ఆ జన్యువు హక్కు గల సంస్థకు రుసుముగా పోవుచుండెను. ఏ రైతైనను అంగడికి పోయి ఈ వెల హెచ్చని వాదించినచో అంగడివాడు మాత్రమేమి చేయగలడు? 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల పక్షమున గుత్త వ్యాపారములను విచారించు కేంద్ర కమీషను నాశ్రయించినది. ఆ సంవత్సరమే పొట్లము వెల 750 రూపాయలుగా నిర్ణయింపబడినది. 2015 డిసెంబరునాటి ఉత్తరువు ననుసరించి కేంద్ర ప్రభుత్వమే ప్రతి సంవత్సరము గరిష్ఠపు వెలను ప్రకటించుచున్నది. 2016లో రెండవ తరము బీటీ పొట్లమునకు అది 800 రూపాయలు. 2025లో 901 రూపాయలు. ఒక్కడు అడిగినపుడు కదలని వెల, అందఱి పక్షమున అడిగినపుడు సగమునకంటె తక్కువకు దిగినది. సహకారమనగా నిదియే.

సరకుతో కూడ అమ్ముడగు అప్పు

విత్తనమునకు గరిష్ఠపు వెల కలదు. యూరియాకు కలదు, 2018 నుండి 45 కిలోలుగా వచ్చుచున్న బస్తా వెల 266 రూపాయల 50 పైసలు. మందు డబ్బాపైనను వెల అచ్చువేయబడి యుండును. అయినను రైతు చెల్లించునది ఆ వెలయేనా? రొక్కమిచ్చి కొనువానికి అవునేమో గాని, అప్పుపై కొనువానికి కాదు. అప్పునకు బస్తాపై అచ్చైన వెల యేదియు లేదు.

ఉదాహరణమునకు ఒక లెక్క వేయుదము. ఒక రైతు జూన్ మాసమున 20,000 రూపాయల సరకు అప్పుపై తెచ్చి, డిసెంబరున ప్రత్తి అమ్మి తీర్చునని అనుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డియైనచో ఆఱు నెలలకు 2,400 రూపాయలు. అప్పు బేరమని సరకు వెలలో నూటికి అయిదు హెచ్చు వేసినచో 1,000 రూపాయలు. ప్రత్తిని తానే కొనెదనను ఒప్పందముపై క్వింటాలునకు వంద రూపాయలు తగ్గించినచో ఇరువది క్వింటాళ్ళకు 2,000 రూపాయలు. మొత్తము 5,400 రూపాయలు. అదే 20,000 రూపాయలను సంఘమునుండి పంట ఋణముగా తీసికొన్నచో ఏడు శాతపు వడ్డి ఆఱు నెలలకు 700 రూపాయలు. గడువులో తీర్చినవానికి వడ్డి రాయితీ పోగా నాలుగు శాతము చొప్పున 400 రూపాయలు. భేదము 5,000 రూపాయలు. అనగా నాలుగు బస్తాలు కొన్నవాడు అయిదవ బస్తా వెలను ఊరకనే యిచ్చుచున్నాడు. మీ మీ పద్దులను ముందు పెట్టుకొని ఈ లెక్కను మీరే వేసి చూడుడు.

అంగడివాడు దుష్టుడని చెప్పుట నా యుద్దేశము కాదు. అతడును కంపెనీవద్ద అప్పుపై తెచ్చినవాడే. రాత్రి తలుపు తట్టినను తీయును. కాగితములు, జామీను అడుగడు. రైతును పేరుపెట్టి పిలుచును. ఇంటిలో పెండ్లియైనను చావైనను అక్కఱకు పైక మిచ్చును. మన సంఘములో ఈ సౌకర్యము లేనపుడు రైతు అంగడికి పోవుట తప్పెట్లగును? పదునుకు వాన పడిన దినమున గొఱ్ఱు కట్టవలెను గాని, గోదాము తాళపుచెవి యెవరియొద్ద నున్నదని తిరుగరాదు. చాలచోట్ల ఎరువు సంఘమునకు వచ్చునప్పటికి విత్తుట ముగిసియుండును. ఈ లోపమును మనము దాచుకొనినచో ఎన్ని ఉపన్యాసములు ఇచ్చినను ప్రయోజనము లేదు.

చిల్లర అంగడిలోని మార్పు

ఇంటి సరకుల అంగడియు మారినది. పూర్వము శెట్టి సేరుతో కొలిచి కాగితమున పొట్లము కట్టి యిచ్చెడివాడు. నేడు పప్పు, నూనె, సబ్బు అన్నియు అచ్చువేసిన పొట్లములే. తూకము, తయారైన నెల, గరిష్ఠపు వెల పైననే యుండుట మేలు. కాని చిన్న పొట్లములు పది కొన్నదానికంటె పెద్ద పొట్లమొకటి కొన్నచో పలుమాఱు వెల కలిసివచ్చునని ఇల్లాండ్రు గమనింపవలెను. 2016 తరువాత చేతి ఫోనుతో పైకము చెల్లించుట పల్లెలకును వచ్చినది. కంటికి కనబడక పోవు పైకము లెక్కకు రాదు గనుక వారమున కొకసారియైనను ఫోనులోని పద్దును పుస్తకమున వ్రాసికొనుట మంచిది. 1999 జనవరి 26న ఆరంభమైన రైతు బజారులు కూరగాయల రైతునకు దలారి లేకుండ అమ్ముకొను చోటు చూపినవి. 2020 మే 30న ఆరంభమైన రైతు భరోసా కేంద్రములు, 2024 నుండి రైతు సేవా కేంద్రములను పేరుతో గ్రామములోనే విత్తనములకు, ఎరువులకు వ్రాయించుకొను వీలు కలిగించినవి. వీనిని వాడుకొనువారికే వీనివలన లాభము.

నేతగాండ్ర అంగడి

ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణమున ఇట్టి చిక్కులోనే పడిన నేతపనివారు, మఱికొందఱు పనివారు కలిసి 28 మంది 1844లో ఒక సంఘముగా కూడిరి. అప్పటి అంగళ్ళలో కల్తీ పిండి, దొంగ తూకము, తీరని అప్పు సామాన్యము. వారు 28 పౌనుల మూలధనముతో డిసెంబరు 21వ తేదీ రాత్రి ఒక చిన్న అంగడి తెఱచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓటు పిండి వంటి కొద్ది సరకులే అందుండెను. వారి నియమములు స్వల్పము: కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము, లాభమును కొన్న సరకు ననుసరించి సభ్యులకే పంచుట. అప్పు ఇయ్యమని వారు పట్టుబట్టుట కఠినముగా తోచును. కాని అప్పే తమ్ము అంగడికి కట్టివేసిన త్రాడని వారు అనుభవముచే ఎఱిగియుండిరి. మన దేశమున 1904లో మద్రాసునందు తిరువల్లిక్కేణి పట్టణ సహకార సంఘము ఈ మార్గమునే త్రొక్కినది.

మెట్ట రైతు రొక్కముతోనే కొనవలెననుట సాధ్యము కాదు. అతనికి పైకము వచ్చునది సంవత్సరమున కొక్కసారి. కావున మనకు చేయదగిన పని ఋణమును ఒకచోట, సరకును మఱియొకచోట నుంచుట. సంఘమునందు వడ్డి తెలిసిన ఋణము తీసికొని, ఆ రొక్కముతో వెల తెలిసిన సరకును కొన్నచో, పంటను ఎక్కువ ధర యిచ్చువానికి అమ్ముకొను స్వేచ్ఛ రైతునకు మిగులును.

చేయవలసిన పనులు

ఒకటి: ఏప్రిల్ మాసములోనే ప్రతి సభ్యుడును ఎన్ని యెకరములకు ఏ ఎరువు కావలెనో సంఘమున వ్రాయింపవలెను. ముందు వ్రాయించినగాని కార్యదర్శి ముందు తెప్పించలేడు.

రెండు: తొలకరి నెలలలో గోదాము తెల్లవాఱుజామునుండి తెఱచియుండునట్లును, తాళపుచెవి ఎవరియొద్ద నుండునో పలకపై వ్రాసి పెట్టునట్లును పాలకవర్గము తీర్మానింపవలెను.

మూడు: ఎక్కడ కొన్నను బిల్లు అడుగుడు. బిల్లుపై విత్తనపు లాటు నెంబరు ఉండవలెను. పొట్లమును, అందులో కొద్దిగా విత్తనమును పంట ఇంటికి వచ్చువఱకు దాచుడు. విత్తనము కొన్న రైతు కూడ వినియోగదారుడే యని, నష్టపరిహారమునకు వినియోగదారుల న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చునని ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యములలో సుప్రీము కోర్టు 2012లో తీర్పు చెప్పినది. బిల్లు లేనివానికి ఆ తీర్పు ఆధారము కాజాలదు.

నాలుగు: మందు డబ్బాపైనుండు రంగు గుర్తును చూడుడు. ఎఱుపు మిక్కిలి విషము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా తగ్గును. అంగడివాడు చెప్పినాడని రెండు మూడు మందులు కలిపి కొట్టుట పైకమునకును ప్రాణమునకును చేటు.

అయిదు: అంగడి బాకీ గలవారు దానిని ఒక్కసారి తీర్చలేకున్నను, ఈ సంవత్సరము విత్తనమును, వచ్చు సంవత్సరము ఎరువును సంఘమునుండి తీసికొనుచు కొంచెము కొంచెముగా తగ్గించుకొనవచ్చును.

రాబోవు సర్వసభ్య సమావేశమునకు ప్రతి సభ్యుడును తన అంగడి పద్దును వెంట తెచ్చునుగాక. పేర్లు చెప్పనక్కఱలేదు. అసలెంత, వడ్డియెంత, వెలలో హెచ్చెంత, ప్రత్తి ధరలో తగ్గిన దెంత అను నాలుగు అంకెలను పలకపై వ్రాసి ఊరంతటికి కూడిక వేసినచో, మన గ్రామమునుండి ఏటేట బయటికి పోవు పైకమెంతయో తెలియును. ఎరువు సకాలమున తెప్పించుటకు సంఘము ఎంత మూలధనము కూర్చుకొనవలెనో ఆ కూడికను చూచియే సభ్యులు నిర్ణయింపవచ్చును.