మీకు తెలుసా? సంతకం చేసినవాళ్ళు ఆగారు, చేయనివాళ్ళు దూకారు

మొదటి ప్రపంచ యుద్ధం అనగానే పాఠ్యపుస్తకం రెండు జట్లను చూపిస్తుంది. ఒక పక్క జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఇటలీ. మరో పక్క ఫ్రాన్స్, రష్యా, బ్రిటన్. 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును ఓ 19 ఏళ్ళ సెర్బు కుర్రాడు కాల్చి చంపాడు, ఒప్పందాలు ఒకరి తర్వాత ఒకరిని యుద్ధంలోకి లాగాయి అని చదువుకున్నాం. అయితే ఈ ఆరింటిలో ఇటలీ ఆ ఏడాది తుపాకీ ఎత్తనే లేదని మీకు తెలుసా?

మీమీద దాడి జరిగితే వస్తామన్నాం, సెర్బియా మీదికి వెళ్ళింది మీరే కదా అన్నది ఇటలీ వాదన. ఆ మూడు దేశాలూ 1882లో చేసుకున్న ఒప్పందం ప్రకారం అది సబబే. కడుపులో ఉన్నది మాత్రం వేరు. ఇటాలియన్లు ఎక్కువగా ఉండే ట్రెంటో, ట్రియెస్ట్ ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్నాయి. అవి ఇప్పిస్తామని బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా 1915 ఏప్రిల్ 26న లండన్‌లో రహస్యంగా రాసిచ్చాయి. నెల తిరక్కుండానే ఇటలీ పాత మిత్రుడి మీద యుద్ధం ప్రకటించింది. 1883 నుంచి జర్మనీ, ఆస్ట్రియాల జట్టుతో రహస్య ఒప్పందం ఉన్న రుమేనియా కూడా ట్రాన్సిల్వేనియా కోసం 1916లో ఇలాగే గోడ దూకింది.

బ్రిటన్ సంగతి దీనికి తలకిందులు. ఫ్రాన్స్‌తో 1904లో, రష్యాతో 1907లో అది కుదుర్చుకున్నవి ఈజిప్టు, మొరాకో, పర్షియా వంటి చోట్ల తగాదాల పరిష్కారాలే. యుద్ధమొస్తే కలిసి పోరాడాలన్న షరతు వాటిలో లేదు. చేతిలో ఉన్న కాగితమల్లా బెల్జియం తటస్థతకు హామీ ఇచ్చిన 1839 నాటి ఒప్పందం. 75 ఏళ్ళ నాటి ఆ కాగితం కోసమే బ్రిటన్ ప్రాణాలొడ్డిందంటే నమ్మడం కష్టం. జర్మనీతో యుద్ధనౌకల పోటీ అప్పటికే ఏళ్ళ తరబడి నడుస్తోంది మరి.

ఇంకో వింత. గొడవ మొదలైంది ఆస్ట్రియాకూ సెర్బియాకూ మధ్య, సెర్బియాకు అండ రష్యా. అలాంటిది రష్యా మీద ఆగస్టు 1నే యుద్ధం ప్రకటించింది జర్మనీ. ఆస్ట్రియా తీరిగ్గా ఆగస్టు 6న ప్రకటించింది! ఎందుకంటే జర్మనీ సేనానుల దగ్గరున్నది ఒకటే పథకం: రష్యా సేనలు పూర్తిగా కూడేలోపు బెల్జియం మీదుగా వెళ్ళి ఫ్రాన్స్‌ను ఓడించాలి. రష్యా సైన్య సమీకరణ మొదలుపెట్టాక గడిచే ప్రతి రోజూ వాళ్ళకు నష్టమే. ఆగస్టు 1 సాయంత్రం, బ్రిటన్ పక్కకు తప్పుకునేలా ఉందన్న కబురుతో జర్మనీ చక్రవర్తి విల్హెల్మ్ సైన్యాన్నంతా తూర్పుకు తిప్పమన్నాడు. ఏడాదిగా వేసుకున్న రైళ్ళ ఏర్పాటును రాత్రికి రాత్రి మార్చడం కుదరదన్నాడు సేనాధిపతి మోల్ట్‌కే. కాసేపటికి ఆ కబురే వట్టిదని తేలింది. అన్నట్టు, అంతకు ముందు రోజుల్లో ఈ చక్రవర్తీ రష్యా జార్ నికొలస్సూ ఇంగ్లీషులో టెలిగ్రాములు పంపుకున్నారు, ‘విల్లీ’, ‘నిక్కీ’ అని ముద్దు పేర్లతో. బంధువులే కదా!

జపాన్ ఎందుకొచ్చింది? బ్రిటన్‌తో 1902 నుంచి పొత్తుంది. చైనా తీరంలో జర్మనీకి త్సింగ్‌టావ్ అనే రేవు ఉంది. పొత్తు సాకు, రేవు ఆశ. జపాన్ ఆగస్టు 23న రంగంలోకి దిగింది. జపాన్ దిగితే ఆ రేవు స్థావరంగా ఉన్న జర్మన్ నౌకాదళానికి అక్కడ నిలువ నీడ ఉండదు. అందుకే దళం అప్పటికే దక్షిణ అమెరికా దారి పట్టింది. ‘ఎమ్డెన్’ అనే ఒక్క నౌక మాత్రం విడిపోయి హిందూ మహాసముద్రంలోకి వచ్చింది.

సెప్టెంబర్ 22 రాత్రి అది మద్రాసు మీద గుళ్ళు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు రాజధాని మద్రాసే. సారాయెవో ఎక్కడుందో తెలియని జనం ఊరొదిలి పరుగులు తీశారు. త్సింగ్‌టావ్ నవంబర్ 7న జపాన్‌కు చిక్కింది. రెండు రోజులకే కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’ ఎమ్డెన్‌ను తుక్కు చేసింది. ఆస్ట్రేలియా కూడా జర్మనీ మీద విడిగా యుద్ధం ప్రకటించలేదు. లండన్ ప్రకటించింది, మనకు లాగే దానికీ అది వర్తించింది.