'ది బేర్' చూపించే వంటిల్లు

అమెరికన్ ధారావాహిక 'ది బేర్' 2022లో మొదలైంది. అన్న ఆత్మహత్య చేసుకోవడంతో, ఖరీదైన రెస్టారెంట్లలో పేరు తెచ్చుకున్న కార్మీ షికాగోకు తిరిగొచ్చి అతని శాండ్‌విచ్ దుకాణం నెత్తినేసుకుంటాడు. అక్కడ అమ్మేది ఇటాలియన్ బీఫ్: పొడవాటి బన్నులో పల్చగా కోసిన గొడ్డుమాంసం, దాని రసం, ఊరబెట్టిన కూరగాయలు.

టీవీలో వంట సాధారణంగా కళ్లకు పండగ. ఇక్కడ కాలిన చేతులు, అప్పులు, అరుపులు కూడా కనిపిస్తాయి. కార్మీ పెట్టిన పద్ధతిలో అందరూ ఒకరినొకరు 'చెఫ్' అనే పిలుచుకోవాలి.

రెండో సీజన్‌లోని 'ఫిషెస్' భాగం క్రిస్మస్ ముందురాత్రి ఇటాలియన్-అమెరికన్ కుటుంబాలు చేసుకునే ఏడు చేపల విందు చుట్టూ నడుస్తుంది. కార్మీ తల్లి డోనా అందరికీ వండుతూ, తన కష్టం ఎవరికీ పట్టలేదని కుమిలిపోతుంది. చివరికి కారును ఇంట్లోకే పోనిస్తుంది. ప్రేమతో వండిన భోజనమే గొడవకు కారణమవుతుంది. అదే సీజన్‌లో ఆకలితో ఉన్న కార్మీ సోదరి, గర్భిణి నటాలీకి అతనితో పనిచేసే చెఫ్ సిడ్నీ ఆమ్లెట్ వేసి, పైన చిప్స్ నలిపి చల్లుతుంది. మొత్తం ధారావాహికలో కడుపు నింపే దృశ్యం ఇదే అనాలి.

మరో తమాషా: మరమ్మతులు చేసే ఫాక్ పాత్రధారి మ్యాటీ మ్యాథెసన్ నిజజీవితంలో చెఫ్. ఇంత బరువైన కథకు 2024 జనవరిలో ఎమ్మీ ఇచ్చింది ఉత్తమ హాస్య ధారావాహిక పురస్కారం.