ఇంట్లో కట్టిన ఆంప్లిఫయరు

వాల్వులు వేడెక్కేదాకా పాటకోసం కాచుకోవడం ఒకప్పటి మాట. ట్రాన్సిస్టర్లను కడుపులో దాచుకున్న ఎల్.ఎం.386 చిప్పుకు ఎనిమిదే కాళ్లు. 9 వోల్టుల బ్యాటరీ చాలు, సన్నని ధ్వనిసంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ నడుమ 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు వేస్తే 200 రెట్లు! (ఆశపడకండి, రొదకూడా పెరుగుతుంది.)

టంకం ఆరగానే పాట వినాలని చేతులు దురదపెడతాయి. ఆగండి! ముందు స్పీకరు లేకుండా అయిదో కాలివద్ద మీటరు పెట్టండి. బ్యాటరీలో సగం, అంటే 4.5 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. సున్నాయో తొమ్మిదో చూపితే ఎక్కడో తీగ తప్పిందన్నమాట. ఆ సగం వోల్టులైనా తిన్నగా స్పీకరులోకి పోతే లోపలి తీగచుట్ట మాడవచ్చు. అందుకే దారిలో 250 మైక్రోఫారడ్ల కెపాసిటరును కాపలా పెడతారు. అది బ్యాటరీ కరెంటును ఆపి పాటను పోనిస్తుంది.

ఇక స్పీకరు తగిలించి, మూడో కాలిని వేలితో తాకండి. గుర్రుమంటే ప్రాణం వచ్చినట్టే.