కోడిపిల్లల యీకలు: మొలచుట, రాలుట

మన సంఘ సభ్యులలో పలువురు వ్యవసాయముతోపాటు పెరటికోళ్లను కూడ పెంచుచున్నారు. వారిలో కొందఱు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: “పిల్లలు మేత బాగుగనే తినుచున్నవి. అయినను ఈకలు రాలిపోవుచున్నవి. ఇది యే తెగులు?” తెగులని భయపడి, ఎదుగుచున్న పెట్టలను సంతలో సగము వెలకు అమ్మివేసినవారును గలరు. ఇది యనవసరమైన నష్టము గనుక ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఒంటినిండ నూగు మాత్రమే యుండును. మొదటి వారములోనే రెక్కలయందు ముండ్లవంటి ఈకమొలకలు కానవచ్చును. పిమ్మట తోక, భుజములు, రొమ్ము వరుసగా ఈకలు దాల్చును. మెడ, తల, పొట్ట వెనుకబడును. నాలుగైదు వారములకు నూగు చాలవరకు పోవును. ఆఱు మొదలు ఎనిమిది వారములకు ఒడలంతయు ఈకలతో నిండును. ఈ యీకలును శాశ్వతములు కావు. రెండవ మాసము దాటిన పిదప పిల్ల వీనిని విడిచి క్రొత్తవానిని దాల్చును. కావున ఎదుగుచున్న పిల్ల చురుకుగా దిరుగుచు, రాలినచోట క్రొత్త మొలకలు కనబడుచున్నయెడల, అది తెగులు గాదు, వృద్ధియే.

అన్ని జాతులకును ఈకలు ఒకే వేగమున రావు. తెల్ల లెగ్‌హార్ను వంటి తేలిక జాతులకు త్వరగా వచ్చును. మన అసీలు పిల్లలకు ఆలస్యమగును. ఒకే పొదుగులోని పిల్లలలో సయితము భేద ముండును. ఈ గుణము తల్లిదండ్రుల వలన సంక్రమించునది.

ఈకలు పూర్తిగా రానిదే పిల్లకు తన వెచ్చదనమును తాను నిలుపుకొను శక్తి యుండదు. ఈ సంగతిని మేము నష్టపడి నేర్చుకొంటిమి. ఒక వర్షకాలమున, తల్లిలేని మూడువారముల పిల్లలకు రెక్కలు వచ్చినవి గదా యని, దీపపు వెచ్చదనము తీసివేసి వసారాలో గంప క్రింద మూసితిమి. రాత్రి జల్లు కొట్టెను. చలికి పిల్లలు ఒకదానిపై నొకటి యెక్కెను. తెల్లవారి చూడగా అడుగున బడినవి చచ్చియుండెను. మేము రెక్కలనే చూచితిమి గాని, వీపును పొట్టను తడవి చూడమైతిమి.

తల్లిలేని పిల్లలకు మొదటివారము 95 ఫారన్‌హీటు డిగ్రీల వేడి కావలెను. పిమ్మట వారమున కైదేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. ఉష్ణమాపకము లేకున్నను పిల్లలే తెలుపును: గుంపుగూడి అఱచినచో చలి, దీపమునకు దూరముగా పోయి నోరు తెఱచినచో వేడి, అంతటను చెదరి పండుకొన్నచో సరిపోయినట్లు.

ఈక చాలవరకు మాంసకృత్తులతోనే యేర్పడును. నూకలు, తవుడు మాత్రమే వేసినచో ఈకలు ఆలస్యముగను, బలహీనముగను వచ్చును. పిల్లల మేతలో నూటికి సుమారు 20 పాళ్లు మాంసకృత్తు లుండవలెను. ఇందులకై నూకలతో వేరుశనగ చెక్కపొడిని, ఉప్పు వేయని ఎండుచేపల పొడిని కలుపవచ్చును. చెదపురుగులు దొరికినచో పిల్లలు ఇష్టముగా తినును. బూజుపట్టిన చెక్క విషప్రాయము, దానిని ముట్టరాదు.

అన్ని రాలుటలును సహజములని తలపరాదు. తోకమొదట రక్తపు గాయము కనబడినచో తక్కిన పిల్లలు పొడుచుచున్నవని యెఱుగవలెను. ఇరుకును, మేత చాలకపోవుటయు, మిక్కుటమైన వెలుతురును ఇందులకు కారణములు. గాయపడినదానిని వెంటనే వేరుచేయవలెను. ఎఱుపును చూచి తక్కినవి మఱింత పొడుచును. రెట్టవేయు చోటి యీకల మొదట తెల్లని గ్రుడ్లు గుంపులుగా నంటియున్నచో పేలు పట్టినవి. పొడియిసుక, బూడిద కలిపిన గుంట నేర్పఱచినచో కోళ్లు అందు పొరలి కొంతవఱకు వానిని వదల్చుకొనును. పిల్లలు కన్నులు మూసి కునుకుచు, పచ్చని రెట్ట వేయుచు, మెడ త్రిప్పుచున్నచో కొక్కెర తెగులు కావచ్చును. ఆలసింపక పశువైద్యుని కడకు పోవలెను. ఈ తెగులునకు టీకా మొదటివారముననే వేయించుట మేలు.

పెద్ద పెట్టలును ఏడాదికొకమారు ఈకలు మార్చును. అప్పుడు గ్రుడ్లు నిలిచిపోవును. క్రొత్త ఈకలు వచ్చిన పిదప మఱల పెట్టును. కావున సభ్యులు ఈకలు రాలినంతమాత్రమున కోడిని సంతకు దీసికొనిపోక, ముందుగా చేత బట్టి, ఈకలు విడదీసి, చర్మమును పరీక్షింపవలెనని కోరుచున్నాము.