నేల నుంచి పేగు దాకా: నులిపురుగులపై దేహ రక్షణ వ్యవస్థ పోరు

నిర్మల్ జిల్లా భైంసా ప్రాంతంలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. పత్తి, సోయాచిక్కుడు ఇక్కడి ప్రధాన వానాకాలపు పంటలు. కలుపుతీత వంటి పనులలో మహిళా కూలీల పాత్ర అధికం. వట్టి కాళ్లతో తడి నేలలో గంటల తరబడి పనిచేసే వారికి నేల ద్వారా సంక్రమించే నులిపురుగుల గురించిన అవగాహన అత్యవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 150 కోట్ల మంది వీటి బారిన పడి ఉన్నారు.

కొంకిపురుగు గుడ్లు మానవ మలంతో నేలను చేరి, వెచ్చని తేమలో ఒకటి రెండు రోజులలో పొదుగుతాయి. పిల్లపురుగులు 5 నుంచి 10 రోజులలో చర్మాన్ని తొలుచుకొని పోగల దశకు ఎదుగుతాయి. గాలి ఆడే ఇసుక, గరప నేలలు వీటికి మిక్కిలి అనుకూలం. బంకమన్ను అధికంగా గల రేగడిలో వీటి కదలిక కొంత తక్కువ. అయితే ఏలికపాము గుడ్లు తేమను పట్టి ఉంచే బరువు నేలలలో ఏళ్ల తరబడి జీవించగలవు. కనుక రేగడి నేల అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

పురుగు పేగును చేరగానే దేహం దానిని గుర్తిస్తుంది. పేగు లోపలి పొరలోని టఫ్ట్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-25 అనే సంకేత పదార్థాన్ని విడుదల చేస్తాయని 2016లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు నిరూపించాయి. ఆ సంకేతంతో మేల్కొన్న రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-13ను స్రవిస్తాయి. తత్ఫలితంగా జిగురు అధికమవుతుంది, పేగు కండరాల కదలిక పెరుగుతుంది, పొరలోని కణాలు వేగంగా మారుతాయి. బాక్టీరియా వలె పురుగును రక్షక కణం మింగలేదు. అది అంత పెద్దది. అందుకే దానిని కడిగి, ఊడ్చి వెలుపలికి పంపడమే దేహం అనుసరించే ప్రధాన మార్గం. ఐజీఈ ప్రతిరక్షకాలు, ఇసినోఫిల్ కణాలు ముఖ్యంగా కణజాలంలో సంచరించే పిల్లపురుగులపై దాడికి తోడ్పడతాయి.

పురుగు కూడా ఊరకుండదు. తన స్రావాలతో రక్షణ చర్యను అణచే నియంత్రక కణాలను ప్రేరేపిస్తుంది. అందువలననే మశూచి వలె ఒకసారి సోకితే జీవితాంతం నిలిచే రక్షణ మనిషికి లభించదు. ఒక్కొక్క యాంకైలోస్టోమా కొంకిపురుగు రోజుకు 0.15 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తనష్టం కలిగించగలదు. అంటే నూరు పురుగులు ఉన్నచో రోజుకు 15 నుంచి 20 మిల్లీలీటర్లు. ఇనుము లోపించిన ఆహారం తీసుకునే మహిళలలో ఇది తీవ్ర రక్తహీనతకు దారితీస్తుంది.

2015 నుంచి అమలులో ఉన్న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం కింద 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ ఇస్తున్నారు. పేగులోని పురుగులను మందు తొలగిస్తుంది. నేలలోని గుడ్లను తొలగించలేదు. వ్యవసాయ కూలీలలో పెక్కుమంది ఆ వయోపరిమితికి వెలుపల ఉన్నవారే.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు రైతు శిక్షణలలో ఈ అంశాలను చేర్చడం సముచితం: పొలం పనిలో పాదరక్షలు ధరించడం, చేలలో బహిర్భూమికి పోకుండా మరుగుదొడ్డి వాడటం, తినేముందు చేతులు, ఆకుకూరలు శుభ్రంగా కడగడం. మాంసకృత్తుల కొరత పురుగులపై రక్షణ ప్రతిస్పందనను మందగింపజేస్తుందని జంతువులపై జరిగిన అధ్యయనాలు తెలిపాయి. అందుచేత పండించిన పప్పుధాన్యాలలో కొంత భాగం ఇంటి అవసరానికి నిలుపుకోమని చెప్పడం కూడా విస్తరణ సేవలో భాగమే. నీరసం, కళ్లు పాలిపోవడం వంటి లక్షణాలున్న కూలీలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. గర్భిణులు వైద్య సలహా లేనిదే ఈ మందు వాడరాదు.