ఏకచిత్రమునుండి భవనకల్పనము

కాచిగూడ రైల్వేస్టేషను 1916 లో నిర్మింపఁబడినది. నడిమి గుమ్మటమును, ప్రక్క గుమ్మటములును, మీనారులును దాని గుఱుతులు. దీని ముంగిలి ఛాయాపట మొక్కటి యిచ్చినచో, నేటి కృత్రిమమేధ చుట్టును దిరిగి చూడఁదగిన రూపమును రచించి చూపును. అందు వెనుకగోడయుఁ గానవచ్చును. పటములో లేని యా గోడ యెచ్చటనుండి వచ్చినది?

తార్నాక చెంతనున్న ఉస్మానియా ఆర్ట్సు కళాశాల (1939) చుట్టును నడచుచుఁ బెక్కుపటములు తీసితిమేని, ఒకే బిందువు పటపటమునకు నెంత జరిగినదో గణించి దాని దూరమును సాధింపవచ్చును. 2020 నాటి నెర్ఫ్, 2023 నాటి గాసియన్ స్ప్లాటింగు ఇట్టి పటసముదాయముపై నాధారపడినవి. వానిది కొలత. ఏకచిత్రపద్ధతి వేఱు. యంత్రము తా నభ్యసించిన యసంఖ్యాకరూపములను బట్టి మఱుఁగుపడిన భాగము నూహించును. గుమ్మటములుగల భవనములు సామాన్యముగా నెట్లుండునో యిదియు నట్లే యుండునని దాని లెక్క.

తాళపత్రములందు గ్రంథపాతమున్నచోటఁ బరిష్కర్త తన పూరణమును గుండలీకరణములలో నుంచును. ఉంచనిచో నది కవిపాఠముగాఁ జెల్లిపోవును. యంత్రరచితరూపమున సామాన్యముగా నట్టి గుఱుతుండదు. కాచిగూడ విషయమున నష్టము స్వల్పము. ప్లాటుఫారముమీఁద నిలిచి సరిచూచుకొనవచ్చును. కట్టడము కూలిపోయి, పాతపట మొక్కటియే మిగిలినచో నాయవకాశము లేదు. అట్టిచోట్లఁ బటమునఁ గన్పట్టిన భాగము నొకవన్నెతోను, ఊహాపూరితమును వేఱొకవన్నెతోను జూపి ప్రకటించుట యావశ్యకము.